పట్టా చెరిగినా పొలం పోదు

2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం ప్లస్‌టూ చదివే పిల్లలకు ఉచితంగా లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎల్‌కాట్ వాటిని కొని ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు పంపింది. ధర్మపురి జిల్లాలో పెన్నాగరం, పాలక్కోడు, హరూరు వైపు ఎన్నో ఇళ్లకు అలా వచ్చిందే తొలి కంప్యూటరు. పిల్ల చదువు కోసం వచ్చిన వస్తువు నెమ్మదిగా ఇంటిల్లిపాదిదీ అయింది. అక్క పెళ్లి ఫొటోలు, తాతయ్య మాట్లాడిన వీడియో, బ్యాంకు కాగితాల స్కాన్ కాపీలు, కాలేజీ ప్రాజెక్టు, అన్నీ ఒక్క డిస్కులోకే చేరాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలకు రెండు భాషల రాతలూ అందులోనే.

డిస్కు మొరాయించిన రోజున రిపేరు దుకాణంలో తరచూ వినిపించే మాట, ‘ఫార్మాట్ కొట్టేద్దామా?’ అని. యంత్రం మళ్లీ పనిచేయడానికి అది తేలికైన దారి. అందులోని ఫొటోలకు మాత్రం అదే ఆఖరి దెబ్బ కావచ్చు. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఒక్కటే: పోయిందనుకున్న సమాచారం చాలాసార్లు పోదు, దాన్ని వెనక్కి తెచ్చే సాధనాల్లో మేలైనవి ఉచితంగానే దొరుకుతాయి, మనకు నష్టం తెచ్చేది చేతిలో డబ్బు లేకపోవడం కన్నా ఎక్కువగా పనుల వరస తప్పడం.

చిట్టా వేరు, సరుకు వేరు

హార్డ్ డిస్కు మూత కింద అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో చదివే హెడ్ కదులుతుంది. పళ్లెం మీది అయస్కాంత పూతను చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. వాటిని సెక్టార్లు అంటారు. చాలాకాలం పాటు ఒక్కో సెక్టారులో 512 బైట్లు పట్టేవి. 2010 తర్వాత వచ్చిన డిస్కుల్లో ఎక్కువగా 4,096 బైట్లు పడుతున్నాయి. ఆ రోజుల్లో లాప్‌టాప్‌లలో మామూలుగా కనిపించిన 320 జీబీ డిస్కును 512 బైట్ల లెక్కన చూస్తే 62 కోట్ల 50 లక్షల సెక్టార్లు. ఇన్నింటిలో మీ ఫొటో ఎక్కడుందో కంప్యూటరుకు తెలియాలంటే విడిగా ఒక చిట్టా ఉండాలి. ఫైలు పేరు, తేదీ, పరిమాణం, అది ఏ సెక్టార్లలో ఉంది అన్న వివరాలు ఆ చిట్టాలో ఉంటాయి. ఫైలులోని అసలు సరుకు మరోచోట ఉంటుంది.

ఈ తేడా ధర్మపురి నేలకు కొత్త కాదు. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసిన థామస్ మన్రో ఇక్కడి పొలాలను కొలిపించాడు. తర్వాత దత్తమండలాల కలెక్టరుగా రాయలసీమకు వచ్చింది ఆ మన్రోయే. ఏ చేను ఎంత, హద్దులేమిటి, సాగు చేసేదెవరు అని రైతువారీ లెక్కల్లో రాశారు. కచేరీలో ఆ పుస్తకం చినిగిపోయిందనుకోండి. చేను ఎవరిదో చెప్పడం కష్టమవుతుంది గానీ చేను ఎక్కడికీ పోదు, అందులో పైరు నిలిచే ఉంటుంది. దిక్కులేని భూమి అనుకుని ఇంకొకరు వచ్చి దున్నినప్పుడే పైరు పోతుంది. డిస్కులో ఫైలు చెరిపినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే.

పాత విండోస్ కంప్యూటర్లలో, నేటికీ చాలా పెన్‌డ్రైవుల్లో, ఉండే ఫ్యాట్ పద్ధతిలో ఫైలును చెరిపితే చిట్టాలో ఆ ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ‘ఈ5’ అనే ఒక్క బైటు రాస్తారు. ఆ ఫైలు పట్టుకున్న చోటు ఖాళీ అని గుర్తిస్తారు. సరుకును ముట్టుకోరు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే చిట్టాలో మామూలుగా 1,024 బైట్ల పద్దు ఉంటుంది. చెరిపితే ఆ పద్దులో ‘వాడుకలో ఉంది’ అన్న గుర్తు తీసేస్తారు, అంతే. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా ఇంతే. క్విక్ ఫార్మాట్ కొడితే కొత్త ఖాళీ చిట్టా ఒకటి రాస్తారు, పాత సరుకు అడుగున అలాగే ఉంటుంది. విండోస్ విస్టా నుంచి మాత్రం ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాస్తుంది. దాని తర్వాత ఇక ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

అందుకే మొదటి సూత్రం: ఫైలు పోయిందని తెలిసిన క్షణంలో ఆ డిస్కు మీద ఏమీ రాయకూడదు. రికవరీ సాఫ్ట్‌వేరు కూడా దాని మీదే డౌన్‌లోడ్ చేయకూడదు. కంప్యూటరు ఊరికే ఆన్‌లో ఉన్నా విండోస్ తన అప్‌డేట్లు, తాత్కాలిక ఫైళ్లు రాస్తూనే ఉంటుంది. వెంటనే ఆపేయడమే ఆ పూటకు చేయగల మంచి వైద్యం.

పాతికేళ్ల కిందటి పాఠం

చెరిపినా సరుకు మిగిలే ఉంటుందన్న ఈ కిటుకును ఇంటి కంప్యూటర్లకు సరుకుగా మార్చి అమ్మినవాళ్లలో ముందువరసలో ఉన్నది అమెరికాలో పీటర్ నార్టన్. 1982లో వచ్చిన ఆయన నార్టన్ యుటిలిటీస్‌లో చెరిపిన ఫైలును తిరిగి తెచ్చే ప్రోగ్రామే అందరికీ నచ్చింది. 1991 నాటి ఎంఎస్‌డాస్ 5లో మైక్రోసాఫ్ట్ ‘అన్‌డిలీట్’ ఆదేశాన్ని ఇచ్చింది. డబ్బు పెట్టి కొనుక్కున్న విద్య అలా అందరికీ అందింది.

దీని విలువ ప్రపంచానికి తెలిసొచ్చింది 1999 ఏప్రిల్ 26న. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజున ఆసియా దేశాల్లో ఎన్నో కంప్యూటర్లను దెబ్బతీసింది. అది డిస్కు మొదటి 1 ఎంబీ మీద సున్నాలు రాసింది. డిస్కు భాగాల (పార్టిషన్ల) పట్టీ, బూట్ సెక్టారు, ఫ్యాట్ చిట్టా ఉండేది అక్కడే కాబట్టి డిస్కంతా ఖాళీగా కనిపించింది. అయితే ఫ్యాట్ పద్ధతిలో చిట్టాను రెండు ప్రతులుగా రాస్తారు. ఫ్యాట్32 కొన్ని సెక్టార్లను కలిపి ఒక కట్టగా (క్లస్టరుగా) లెక్కిస్తుంది, చిట్టాలో ప్రతి కట్టకూ 4 బైట్లు కావాలి. కట్ట 4 కేబీ అయితే 1 జీబీ భాగానికి చిట్టాయే 1 ఎంబీ అవుతుంది. అంటే అంతకన్నా పెద్ద భాగాల్లో వైరస్ సున్నాలు మొదటి ప్రతిలోనే ఆగిపోయాయి, రెండో ప్రతి చెక్కుచెదరలేదు. ఈ లెక్కను పట్టుకుని కాలిఫోర్నియా ప్రోగ్రామరు స్టీవ్ గిబ్సన్ ‘ఫిక్స్‌సీఐహెచ్’ అనే చిన్న ప్రోగ్రామును రాసి ఉచితంగా ఇచ్చారు. రెండో ప్రతిని ఆధారం చేసుకుని అది డిస్కుకు ప్రాణం పోసింది. ఆ ఉదంతం నేర్పిన పాఠం ఇప్పటికీ మారలేదు: డిస్కును ఎలా అమర్చారో తెలిసినవాడికి ఎక్కడో ఒక రెండో ప్రతి దొరుకుతుంది.

జబ్బు చిట్టాదా, యంత్రానిదా?

డిస్కు జబ్బులు రెండు రకాలు. చిట్టా పాడైతే అది లెక్కల జబ్బు. పళ్లెం, హెడ్, మోటారు పాడైతే అది ఒంటి జబ్బు. మందు వేరు కాబట్టి ముందు ఏదో తేల్చుకోవాలి.

లెక్కల జబ్బుకు పెద్ద కారణం కరెంటు. 2012లో తమిళనాడు జిల్లాల్లో గంటల తరబడి కోతలు నడిచాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో ఫైలు సగం రాస్తుండగా కరెంటు పోతే సరుకు రాసి ఉంటుంది, చిట్టాలో పద్దు పడి ఉండదు. లేదా పద్దు పడి సరుకు ఉండదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ముందుగానే ఒక డైరీలో ‘ఇది రాయబోతున్నాను’ అని నమోదు చేసుకుంటుంది గనుక చిట్టాను చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. ఫ్యాట్ పెన్‌డ్రైవుకు ఆ రక్షణ లేదు. సేఫ్‌గా తీయకుండా లాగేసిన పెన్‌డ్రైవు ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ ప్రశ్నకు ‘వద్దు’ అనే చెప్పాలి.

ఒంటి జబ్బును చెవితో పట్టవచ్చు. టక్ టక్‌మని ఒకే లయలో కొట్టుకుంటున్నా, గీరుతున్నట్టు చప్పుడు వస్తున్నా, తిరగడమే మానేసినా ఇంట్లో చేయవలసింది ఏమీ లేదు, స్విచ్ ఆపాలి. మూత విప్పకూడదు. హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఎడం దుమ్ము రేణువు కన్నా ఎంతో తక్కువ. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న మాట నమ్మితే లోపల తేమ చేరి మిగిలింది కూడా పోతుంది.

చప్పుడు లేకుండా వచ్చే జబ్బును డిస్కు తానే రాసుకుంటుంది. స్మార్ట్ అనే ఆ నమోదును క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాము చూపిస్తుంది. అందులో మూడు వరసలు చూడండి. 5వ నంబరు, చెడిపోయి బదులు చోటుకు మార్చిన సెక్టార్లు. 197, చదవలేక వాయిదాలో పెట్టినవి. 198, ఇక సరిదిద్దలేనివి. మూడింటి ఎదుటా ముడి అంకె సున్నా ఉంటే మంచిది. సున్నా కానిది కనిపించి, అది వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కుకు రోజులు దగ్గర పడ్డాయని అర్థం.

రిపేరు, రికవరీ అనే రెండు మాటలను కలిపేయడం వల్లే ఎక్కువ ఇళ్లలో నష్టం జరుగుతుంది. రిపేరు డిస్కును మళ్లీ వాడుకకు తెస్తుంది. రికవరీ అందులోని సమాచారాన్ని బయటకు తెస్తుంది. విండోస్‌లోని ‘చెక్‌డిస్క్’ రిపేరు సాధనం. చిట్టా పొందికగా ఉండటమే దానికి కావాలి. పొందిక కోసం మీ ఫైలును ముక్కలు చేయడానికి వెనుకాడదు. ఆ ముక్కలు ‘ఫౌండ్.000’ అనే ఫోల్డరులో ‘ఫైల్0000.సీహెచ్‌కే’ వంటి పేర్లతో మిగులుతాయి. పైగా సెక్టార్లను వెతికే ఐచ్ఛికంతో నడిపితే చావుబతుకుల్లో ఉన్న డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదివిస్తుంది. ఒంట్లో బాగాలేని డిస్కు ఆ శ్రమకే ఆగిపోవచ్చు. కాబట్టి వరస ఇది: ముందు డిస్కు నకలు, ఆ నకలు నుంచి రికవరీ, అన్నీ చేతికొచ్చాక రిపేరు.

పైసా ఖర్చు లేని మూడు సాధనాలు

నకలు తీయడానికి గ్నూ ప్రాజెక్టులోని డీడీరెస్క్యూ ఉంది. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఈ ప్రోగ్రాము తెలివి దాని ఓపికలో ఉంది. మామూలు కాపీ చెడ్డ సెక్టారు తగలగానే అక్కడే వేలాడుతుంది. డీడీరెస్క్యూ దాన్ని దాటేసి ముందుకు పోతుంది. బాగున్న చోటంతా మొదట పెద్ద పెద్ద తునకలుగా తీసుకుంటుంది. తర్వాత వెనక్కి వచ్చి చెడ్డ ప్రాంతాల అంచులను, చివరికి ఒక్కో సెక్టారునూ ప్రయత్నిస్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది.

చిట్టా పాడైన డిస్కుకు టెస్ట్‌డిస్క్. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే 1998 నుంచి దీన్ని తీర్చిదిద్దుతున్నారు. పాత పద్ధతి డిస్కులో మొట్టమొదటి సెక్టారులో 446 బైట్ల బూట్ కోడు, తర్వాత 64 బైట్ల భాగాల పట్టీ, చివర 2 బైట్ల ముద్ర ఉంటాయి. ఆ 64 బైట్లు చెరిగితే చాలు, డిస్కంతా ఖాళీ అని విండోస్ అంటుంది. టెస్ట్‌డిస్క్ డిస్కు పొడవునా తిరిగి ప్రతి భాగం మొదట్లో ఉండే గుర్తులను వెతుక్కుని ఆ పట్టీని మళ్లీ కడుతుంది. బూట్ సెక్టారు పోతే దాని రెండో ప్రతిని తెస్తుంది. ఫ్యాట్32లో అది మామూలుగా 6వ సెక్టారులో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ భాగం చివర ఉంటుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే కనిపిస్తాయి, మౌసు పనిచేయదు. భయపడనక్కర్లేదు. ‘అనలైజ్’ నొక్కాక దొరికిన భాగం మీద ‘పీ’ కొడితే లోపలి ఫైళ్ల పేర్లు వరసగా వస్తాయి. అవి మీవేనని కళ్లారా చూసి, ‘సీ’ కొట్టి వేరే డిస్కుకు కాపీ చేసుకోండి. అదయ్యాకే ‘రైట్’ (పట్టీని డిస్కు మీద రాయడం) సంగతి.

చిట్టా అసలే మిగలనప్పుడు అదే గ్రెనియే రాసిన ఫొటోరెక్. ఇది చిట్టాను అడగదు, సరుకునే చూసి గుర్తుపడుతుంది. ప్రతి జేపెగ్ ఫొటో ‘ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్’ అనే బైట్లతో మొదలై ‘ఎఫ్‌ఎఫ్ డీ9’తో ముగుస్తుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, డాక్స్ రకం వర్డ్ డాక్యుమెంటు ‘పీకే’ అక్షరాలతో మొదలవుతాయి. ఇలాంటి గుర్తులతో ఫొటోరెక్ 480కి పైగా ఫైలు రకాలను పోల్చుకుంటుంది. పేర్లు, ఫోల్డర్లు చిట్టాతోపాటే పోయాయి గనుక దొరికిన ఫొటో ‘ఎఫ్’ అక్షరం పక్కన ఒక పెద్ద అంకెతో వస్తుంది. ఆ అంకె అది దొరికిన సెక్టారు సంఖ్య. ఫైలు డిస్కు మీద ఒకేచోట కాక తునకలుగా ఉంటే సగం ఫొటో వచ్చి కింద బూడిదరంగు పట్టీ మిగులుతుంది. అయినా పెళ్లి ఫొటోలు వేలల్లో ఉన్నప్పుడు ఎక్కువ భాగం చేతికి రావడం చిన్న సంగతి కాదు.

ఈ మూడూ లైనెక్సులో సహజంగా నడుస్తాయి. తమిళనాడు ఇచ్చిన తొలి లాప్‌టాప్‌లలో విండోస్ 7 స్టార్టరుతోపాటు, సీడ్యాక్ రూపొందించిన బాస్ లైనెక్స్ కూడా ఉండేది. బాస్ డెబియన్ మీద కట్టినది. డెబియన్ సరుకుల్లో డీడీరెస్క్యూను ‘జీడీడీరెస్క్యూ’ పేరుతో వెతకాలి. వేరే కంప్యూటరు మీద సిస్టమ్‌రెస్క్యూ వంటి ఉచిత లైనెక్సును పెన్‌డ్రైవుకు ఎక్కించి, దానితో పాడైన కంప్యూటరును బూట్ చేస్తే ఇంకా మంచిది. జబ్బుపడిన డిస్కు మీద విండోస్ ఒక్క బైటు కూడా రాయదు. లైనెక్స్ కొత్తగా అనిపించేవాళ్లకు, పొరపాటున చెరిపిన ఫైళ్ల వరకైతే, విండోస్‌లోనే రెకువా ఉచిత కూర్పు ఉంది. 2020లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ ఫైల్ రికవరీని ఉచితంగా విడుదల చేసింది.

తెలుగు రాత, తమిళ రాత

మామూలు టెక్స్ట్ ఫైలుకు ఫొటోలా మొదట్లో ముద్ర ఉండదు. మరి ఎలా వెతకాలి? ఇక్కడ మన లిపే సాయపడుతుంది. యూటీఎఫ్8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర చిహ్నానికీ మూడు బైట్లు. మొదటి రెండూ ‘ఈ0 బీ0’ లేదా ‘ఈ0 బీ1’. ‘ధ’ అంటే ‘ఈ0 బీ0 ఏ7’. పొల్లు గుర్తు ‘ఈ0 బీ1 8డీ’. తమిళానికైతే ‘ఈ0 ఏఈ’ లేదా ‘ఈ0 ఏఎఫ్’. డిస్కు నకలును హెక్స్ ఎడిటరులో తెరిస్తే, అంకెల వరసల్లో ప్రతి మూడో చోటా ‘ఈ0’ తిరిగి తిరిగి కనిపించే ప్రాంతం భారతీయ లిపి ఉన్న చోటని తెలిసిపోతుంది. పక్క బైటును చూసి అది నానమ్మ తెలుగులో చెప్పగా రాసుకున్న పాటలో, తమిళంలో రాసిన దరఖాస్తో కూడా చెప్పవచ్చు. ఎడిటరులో ఆ బైట్లనే వెతుకు పదంగా ఇవ్వవచ్చు. డాక్స్ రకం వర్డ్ డాక్యుమెంటులో రాత కుదించి ఉంటుంది కాబట్టి ఈ కిటుకు దానికి పనికిరాదు.

ఎక్కడ ఆగాలి?

కొత్త లాప్‌టాప్‌లలో తిరిగే పళ్లేల బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటోంది. దాని చిప్పుల్లో పాత రాతను తుడిచాకే కొత్తది రాయగలరు. తుడవడం నెమ్మదైన పని కాబట్టి, ఫైలు చెరపగానే ‘ఈ చోటు ఇక అక్కర్లేదు’ అని విండోస్ ట్రిమ్ అనే సందేశం పంపుతుంది. విండోస్ 7 నుంచి ఈ ఏర్పాటు ఉంది. సందేశం అందాక ఆ చోటును చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి. అంటే చెరిపిన ఫైలు వెనక్కి వచ్చే ఆశ ఎస్‌ఎస్‌డీలో చాలా తక్కువ. బిట్‌లాకర్ తాళం ఉన్న డిస్కుకు పాస్‌వర్డు గానీ 48 అంకెల రికవరీ కీ గానీ లేకపోతే ఏ ప్రోగ్రామూ పనిచేయదు. ఒకసారి మరో రాత పడిన సెక్టారునూ ఎవరూ వెనక్కి తేలేరు. వీటిని తెస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేరు అవసరమే లేదని అనను. 1993 నుంచి ఉన్న మన దేశపు సంస్థ స్టెల్లార్ వంటివారి సాధనాల్లో తెర తేలిక, ఫోల్డర్ల అమరిక కూడా తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కొనేముందు ఒక్క నియమం పాటించండి: ఉచిత పరీక్ష కూర్పుతో స్కాన్ చేసి, మీ ఫైలు తెర మీద తెరుచుకుని కనిపిస్తేనే డబ్బు కట్టాలి. పేరు కనిపిస్తే చాలదు. క్రాక్ చేసిన కాపీ జోలికి అసలు పోవద్దు. డిస్కులోని ప్రతి సెక్టారునూ చదివే అధికారాన్ని ముక్కూమొహం తెలియని వాడికి ఇచ్చినట్టే. డిస్కు టక్ టక్‌మంటుంటే మాత్రం సాఫ్ట్‌వేరు మాట వదిలి ల్యాబుకు తీసుకెళ్లాలి. ధర్మపురివాళ్లకు 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు ఉంది. అంత ఖర్చు పెట్టదగ్గ సమాచారమేనా అన్నది ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

నా దృష్టిలో ఇంటికి కొనవలసిన తొలి రికవరీ సాధనం రెండో డిస్కు. నకలు తీయాలన్నా, దొరికిన ఫైళ్లు దాచాలన్నా అది కావాలి. ముందే ఉండి అందులో కాపీ ఉంటే రికవరీ ఊసే ఉండదు.

ఈ విద్యను ఆపద వచ్చాక నేర్చుకోలేం. ఆ కంగారులో చెయ్యి ఆగదు. అందుకే పాఠశాలల కంప్యూటరు పీరియడ్లలో ఇది ఒక ప్రయోగంగా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. పాత పెన్‌డ్రైవు ఒకటి తీసుకుని పది ఫొటోలు వేయండి. చెరపండి. ఫొటోరెక్ నడిపి, దొరికినవాటిని వేరేచోట దాచి లెక్కపెట్టండి. ఇప్పుడు అదే పెన్‌డ్రైవు నిండా ఒక సినిమా వేసి, దాన్నీ చెరిపి మళ్లీ నడపండి. మొదటిసారి వచ్చిన ఫొటోల్లో రెండోసారి ఎన్ని వచ్చాయో పక్కపక్కన రాసుకోండి. పదో తరగతి పిల్లలైనా ఒక మధ్యాహ్నంలో చేయగల ఈ ప్రయోగంలో, చెరపడానికీ మళ్లీ రాయడానికీ ఉన్న తేడా వాళ్ల చేతికే తెలుస్తుంది. అది తెలిసిన పిల్ల ఒక్కరు ఇంట్లో ఉంటే చాలు, ఆ ఇంటి డిస్కు పాడైన రోజున మొదట ఏం చేయకూడదో చెప్పగలదు.